చెప్పాల్సిందేమైనా ఉందా?

విమానం నడిపేవాళ్ళు గాల్లోకి లేచే ముందు ఒకరితో ఒకరు ఏవో గొప్ప గొప్ప మాటలు మాట్లాడుకుంటారని మనబోటివాళ్ళం అనుకుంటాం. అబ్బే, అంత సీను లేదు. ఒకడు "ఫ్లాప్స్" అంటాడు. రెండోవాడు మీట వంక చూసి "సెట్" అంటాడు. ఒకడు "ట్రిమ్" అంటాడు, రెండోవాడు మళ్ళీ "సెట్" అంటాడు. అత్తాకోడళ్ళు పోట్లాడుకున్న మర్నాడు వంటింట్లో ఇంతకంటే ఎక్కువ మాటలు వినిపిస్తాయి. అన్నీ ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన మాటలే. కొత్తగా ఒక్క ముక్క కలపకూడదు, ఉన్నదాంట్లో ఒక్క ముక్క మింగకూడదు. నేల వదిలి బాగా ఎత్తుకు చేరేదాకా ఇంటి సంగతులు, ఊరి సంగతులు ఎత్తకూడదని రూలు కూడా ఉంది.

ఆ రూలు పెట్టినవాడెవడో తనలాంటివాడి కోసమే పెట్టాడనుకునేవాడు మన ముంగి.

ముంగి అనేది అసలు పేరు కాదులెండి. చిన్నప్పుడు ఇంట్లో ఏం జరుగుతున్నా గోడకానుకుని చూసేవాడే తప్ప కిమ్మనేవాడు కాదు. ఒకసారి పాలు పొంగి పొయ్యి మీదకి పోతుంటే పక్కనే నిలబడి చూశాడు. అక్క పరిగెత్తుకొచ్చి, "చూస్తూనే ఉన్నావుగా, ఒక్క కేక పెడితే నీ సొమ్మేం పోయిందిరా? ముంగిలా నిలబడ్డావు!" అని చెవి మెలేసింది. "నువ్వూ చూస్తున్నావేమో అనుకున్నానక్కా" అన్నాడు. ఆ రోజు నుంచి ముంగే. మీసాలొచ్చాయి, భుజాల మీద బంగారు చారలొచ్చాయి, పేరు మాత్రం పోలేదు.

అక్క పెళ్ళి చేసుకున్నది ఒక పైలట్‌ని. ఆ బావకీ ఇతనికీ ఉత్తర దక్షిణ ధ్రువాలకున్నంత దూరం. బావ నోరు తెరిస్తే ఆగేది కాదు. పాలవాడితో గంట, పక్కింటాయనతో గంట, ఎవరూ దొరక్కపోతే తాళం పడని తలుపుతో కూడా మాట్లాడేవాడు. అక్క ఇంట్లో ఉండి చదువుకుంటున్న బావమరిదిని చూసిన మొదటి వారమే మొదలుపెట్టాడు: "ఏం బావమరిదీ, నీ నోటికి తాళం వేసి చెవి మీ అక్క దాచుకుందా?" ముంగి నవ్వి ఊరుకున్నాడు. బావకి అది తెగ నచ్చింది. "వీడికి నోరు తక్కువ, కళ్ళు ఎక్కువ. మా పనికి కావాల్సింది కళ్ళే. నోటి సంగతి నేను చూసుకుంటా" అని వెంటబెట్టుకుని తీసుకెళ్ళి విమానాల చదువులో చేర్పించాడు.

నోటి సంగతి చూసుకోవడం ఎక్కడనుకున్నారు? వంటింట్లో. రెండు కుర్చీలు కిటికీకి ఎదురుగా పక్కపక్కన వేసేవాడు. వాటి మధ్య ఒక స్టూలు, స్టూలు మీద అట్లకాడ. ఆ అట్లకాడే ఇంజన్ల మీట. ఎడమ కుర్చీలో కెప్టెన్ బావ, కుడి కుర్చీలో కో-పైలట్ ముంగి. పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ అక్క కంట్రోల్ టవరు. ఆవిడ గరిటె నోటి దగ్గర పెట్టుకుని "క్లియర్డ్ ఫర్ టేకాఫ్" అంటేనే విమానం కదలాలి. ఆవిడేమో, "ముందు ఆ ఉల్లిపాయలు తరగండి, అప్పుడిస్తా క్లియరెన్సు" అనేది. కెప్టెనూ కో-పైలటూ కళ్ళు తుడుచుకుంటూ ఉల్లిపాయలు తరిగి, మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు.

బావ పాఠం చెప్పడంలో దిట్ట. "విను. పరుగు మొదలయ్యాక స్పీడు ఎనభై దాటగానే పక్కవాడు 'ఎయిటీ' అనాలి. నడిపేవాడు 'చెక్డ్' అనాలి. ఎందుకు?"

"రెండు మీటర్లూ ఒకే స్పీడు చూపిస్తున్నాయో లేదో చూసుకోడానికి."

"అది పుస్తకంలో మాట. అసలు కిటుకు వేరే. పక్కవాడు బతికున్నాడో లేదో చూసుకోడానికి."

"ఛీ, పొయ్యి దగ్గర ఏం మాటలవి!" అనేది టవరు.

"రెండుసార్లు పిలువు. పలక్కపోతే మూడోసారి పిలవకు. 'కంట్రోల్ నాది' అను, విమానం నీ చేతిలోకి తీసుకో. అంతే." అని చెప్పి, బావ తల ఓ పక్కకి వేలాడేసి, నాలుక బయటపెట్టి చచ్చిపోయినట్టు నటించేవాడు. ముంగి "ఎయిటీ" అనేవాడు. మళ్ళీ "ఎయిటీ" అనేవాడు. తర్వాత మెల్లిగా, "బావా..." అనేవాడు. బావ దిగ్గున లేచి, "మూడోసారి పిలవొద్దన్నానా! ఇప్పుడు మనిద్దరం సింకులో పడ్డాం" అని నెత్తిన మొట్టేవాడు. అక్క పొట్ట పట్టుకుని నవ్వేది.

అన్నిటికంటే బావ ఎక్కువ పట్టుబట్టింది ఒక ప్రశ్న మీద. రన్‌వే ఎక్కే ముందు కెప్టెన్ తాను చేయబోయేదంతా చెప్పి, చివర్లో పక్కవాణ్ణి ఇంకేమైనా ఉందా అని అడగాలి. అందరూ దాన్ని పుస్తకంలో ఉన్న ఇంగ్లీషులో గబగబా అనేసి చేతులు దులుపుకుంటారు. బావ మాత్రం మొహం ఇటు తిప్పి, ఇంట్లో మాట్లాడినట్టే అడిగేవాడు: "చెప్పాల్సిందేమైనా ఉందా?"

"పుస్తకం మాటల్లో అడిగితే జవాబు కూడా పుస్తకంలోంచే వస్తుందిరా. కడుపులోది రావాలంటే ఇంటి మాటే పనిచేస్తుంది" అనేవాడు.

అలా వంటింట్లో నేర్చుకున్న ముంగి బావ పనిచేసే కంపెనీలోనే కో-పైలట్ అయ్యాడు. నాలుగైదు విమానాల చిన్న కంపెనీ. అందరికీ అందరూ తెలుసు. బావ మెల్లిగా పరీక్షలు పెట్టే పెద్ద కెప్టెనయ్యాడు. ముంగి కుడి సీటులో ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. తప్పు చేసింది లేదు, మాట పడింది లేదు. చివరికి ఎడమ సీటు పరీక్ష రోజు వచ్చింది. కంపెనీకి ఉన్నది ఇద్దరే పరీక్షకులు. రెండో ఆయన కాలు విరగ్గొట్టుకుని మంచం మీదున్నాడు. ఇక మిగిలింది బావ. "ఇంకేం, ఫలితం నీ ఇంట్లోనే ఉంది!" అని అందరూ వీపు చరిచారు. అక్క నాలుగు చారల భుజపట్టీలు ముందే కొని బీరువాలో దాచింది.

ఆ పరీక్ష నిజం విమానంలో జరగదు. ఒక గదిలో అచ్చం విమానం ముక్కులాంటి యంత్రం ఉంటుంది, అందులో. ముంగి కెప్టెన్ సీటులో కూర్చున్నాడు, బావ కో-పైలట్‌గా నటిస్తున్నాడు. టవర్ చెప్పిన ఎత్తు ఒకటి. బావ మీట తిప్పి పెట్టిన అంకె ఇంకొకటి. కావాలనే పెట్టాడు. ముంగి చూశాడు. చూసి, ఊరుకున్నాడు. యంత్రంలో విమానం ఎక్కకూడని ఎత్తుకు ఎక్కుతూనే ఉంది, ఇతను చూస్తూనే ఉన్నాడు.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాక బావ అడిగాడు. "చూశావా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు కదా బావా. తెలిసే పెట్టావనుకున్నాను."

బావ అరచేతుల్తో మొహం రుద్దుకున్నాడు. "అక్కడ బావ ఉండడురా. పక్క సీటు ఉంటుంది, అంతే. నీ వెనకాల నూటికి పైగా జనం ఉంటారు. నిన్ను ఇప్పుడే ఎడమ సీటులో కూర్చోబెట్టలేను. ఇంకో ఆరు నెలలు ఆగు, నేనే దగ్గరుండి..." అంటూ ఉండగానే ముంగి లేచి వెళ్ళిపోయాడు.

నలుగురిలో తల కొట్టేసినట్టయింది అతనికి. పరాయివాడు ఫెయిల్ చేస్తే ఏడ్చి ఊరుకునేవాడేమో. బావ! తినిపించిన చేత్తోనే గోతిలోకి తోసి, లేస్తాడో లేడో అని గట్టున నిలబడి చూస్తాడా? అక్క ఇంటికి వెళ్ళడం మానేశాడు. ఆరు నెలలు గడిచాయి, మళ్ళీ పరీక్షకు కూర్చోమంటే "నాకొద్దు" అన్నాడు. ఎదురుపడితే "బావా" అనడం పోయి "సర్" వచ్చింది. ఆ "సర్" వింటే బావ మొహం కందగడ్డయ్యేది. మొదట్లో బావే నాలుగైదుసార్లు ఫోన్ చేశాడు, జోకులేశాడు. "ఓకే సర్" అని ఇటు నుంచి జవాబు. కొన్నాళ్ళకి బావకీ పౌరుషం వచ్చింది. నేను చేసింది తప్పయితే కదా తగ్గడానికి అనుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇద్దరూ కూర్చున్నారు.

మధ్యలో నలిగింది అక్క. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. "ఒరే, మీ ఇద్దరికీ కలిపి నేనొక్కదాన్నే ఉన్నాన్రా. నన్ను చూసైనా రారా" అని ఫోన్‌లో ఏడ్చేది. "వస్తాలే అక్కా" అనేవాడు. వెళ్ళేవాడు కాదు. ఇద్దరి పంతమూ తెలిసి, కంపెనీలో డ్యూటీలు వేసే ఆవిడ ఇద్దరికీ ఒకే విమానం పడకుండా రెండేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చింది.

ఆవిడ కూతురికి జ్వరమొచ్చి సెలవు పెట్టిన వారంలో ఇద్దరికీ కలిపి డ్యూటీ పడింది.

పొద్దున పైలట్ల గదిలోకి ముంగి వెళ్ళేసరికి బావ అప్పటికే బల్ల దగ్గరున్నాడు. "గుడ్ మార్నింగ్ సర్." "మార్నింగ్." అంతే. బావ టీ కప్పు ఎత్తాడు. అది కుడి చేతిలోంచి జారి, టీ అంతా కాగితాల మీద ఒలికింది. ఎడమ చేత్తో తుడిచాడు. సంతకం పెట్టాడు, అది కోడి గెలికినట్టు వచ్చింది. బావ చేతిరాత ఎంత గుండ్రంగా ఉంటుందో ముంగికి తెలుసు. విమానంలోకెక్కాక నడుం బెల్టు కుడి చేత్తో పెట్టుకోబోయాడు, పడలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, పడలేదు. ఎడమ చెయ్యి వేసి పెట్టుకున్నాడు. బ్రీఫింగ్ చెబుతుంటే మాట కొంచెం మందంగా ఉంది, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు.

ముంగి ఒక్కటీ వదలకుండా చూశాడు. కళ్ళు ఎక్కువని బావ ఊరికే అన్నాడా! చూసి ఏమనుకున్నాడయ్యా అంటే, చెప్పడానికే సిగ్గుగా ఉంది: 'నన్ను పక్కన పెట్టుకునేసరికి చేతులు వణుకుతున్నాయన్నమాట. వణకనీ.' అనుకున్నాడు. ఎక్కడో లోపల కొంచెం హాయిగా కూడా అనిపించింది. బావమరిది బతకగోరతాడని సామెత. ఈ బావమరిది ఆ పొద్దున కోరుకున్నది మాత్రం ఆ వణుకు.

బావ చెప్పాల్సిందంతా చెప్పాడు. అలవాటు ప్రకారం మొహం ఇటు తిప్పాడు. ఒక క్షణం ఆగాడు కూడా. అడగాలా వద్దా అన్నట్టు ఆగాడు.

"చెప్పాల్సిందేమైనా ఉందా?"

రెండేళ్ళ తర్వాత బావ ఇంటి మాటల్లో అడిగిన మొదటి ప్రశ్న అది. ఒక్క మాట, "బావా, ఒంట్లో బాగుందా?" అని అనుంటే సరిపోయేది. వెనక్కి తిరిగి దిగిపోయేవాళ్ళు. నాలుగు అడుగులేస్తే విమానాశ్రయం డాక్టరు గది.

"నథింగ్, సర్" అన్నాడు ముంగి.

బావ తల తిప్పుకున్నాడు.

టవరు క్లియరెన్సు ఇచ్చింది. బావ కుడి చెయ్యి ఇంజన్ల మీట మీద వేసి ముందుకు తోశాడు. విమానం పరుగందుకుంది. ముంగి మీటర్ల మీద కళ్ళు పెట్టాడు.

"ఎయిటీ."

జవాబు లేదు.

పుస్తకం ప్రకారం అప్పుడు భయం వేయాలి. ముంగికి కోపం వచ్చింది. 'ఓహో, ఇక్కడ కూడా అలకేనా? నాతో ఆ ఒక్క మాట అనడానికి కూడా నోరు రాలేదా?' అనుకున్నాడు. భూమ్మీద ఏ పైలటూ అలా అనుకోడు. పక్కవాడు అలిగిన బావ అయితే తప్ప. ఆ కోపంలో కొంత దూరం పరుగు వృథా అయింది.

"ఎయిటీ!" అన్నాడు ఈసారి గట్టిగా, దెబ్బలాటకి పిలిచినట్టు.

ఉలుకూ లేదు, పలుకూ లేదు. విమానం మధ్య గీత వదిలి ఎడమకి జరుగుతోంది. అప్పుడు తల తిప్పి చూశాడు. బావ కళ్ళు తెరిచే ఉన్నాయి, రన్‌వే వైపే ఉన్నాయి. మూతి ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి మీట మీద లేదు. ఒళ్ళో పడి ఉంది. ముంగి 'కంట్రోల్ నాది' అనాలి. అతని నోట వచ్చింది మాత్రం, "బావా!"

ఆ తర్వాత చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. మీట వెనక్కి లాగాడు, బ్రేకులు తొక్కాడు. విమానం ఒళ్ళంతా వణికి, టైర్లు కాలి కంపు కొట్టి, రన్‌వే చివర ఇంకా కాస్త ఉందనగా ఆగింది. ప్రయాణికులు మెట్ల మీదుగా క్షేమంగా దిగారు. ఒకావిడ చెప్పు ఒకటి పోయిందని గొడవ చేసింది, అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. బావకి తప్ప. మెదడులో రక్తం గడ్డ కట్టింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి.

మిగిలినవాళ్ళందరికీ ముంగి హీరో అయిపోయాడు. పేపర్లో ఫోటో వేశారు. కంపెనీ పెద్దాయన కౌగిలించుకుని, "ఇంత చేసినవాడికి ఇంకా పరీక్షేంటయ్యా!" అన్నాడు. కాలు బాగుపడ్డ రెండో పరీక్షకుడు నాలుగు రోజుల్లో పరీక్ష అయిందనిపించి నాలుగో చార ఇచ్చేశాడు. విచారణ చేసినవాళ్ళు విమానంలో రికార్డయిన మాటలన్నీ విన్నారు. "ప్రతి మాటా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. కెప్టెన్ అడిగాడు, నువ్వు లేదన్నావు, తర్వాత రెండుసార్లు పిలిచావు. పుస్తకంలో లేని మాట ఒక్కటే వినపడింది, 'బావా' అని. అది పర్లేదులే, మనిషివి కదా" అని నవ్వుతూ భుజం తట్టారు. వాళ్ళు తట్టిన ప్రతిసారీ చెంప మీద కొట్టినట్టుండేది ముంగికి. కొట్టినా బాగుండేది.

ఆస్పత్రిలో డాక్టరు ఒక సాయంత్రం అక్కని అడిగాడు. "ఆ రోజు పొద్దున ముందుగా ఏమైనా కనిపించిందా అమ్మా? చేతిలోంచి వస్తువులు జారడం, మాట తడబడటం లాంటివి? గంట ముందు తీసుకొచ్చి ఉంటే మాట ఇంతలా పోయేది కాదేమో."

"ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు బాగానే ఉన్నారండీ. జోకులేసుకుంటూ వెళ్ళారు" అంది అక్క. తర్వాత తమ్ముడి చెయ్యి పట్టుకుని డాక్టరుకి చూపించింది. "వీడు పక్కనుండబట్టే ఆయన నాకు దక్కారు."

ముంగి నేల చూపులు చూశాడు. ఎంత తేలికో చూడండి. ఒకసారి మింగినవాడికి రెండోసారి మింగడం ఇంకా తేలిక. చెప్పుకోవడానికి ఒక సాకు కూడా దొరికింది: ఇప్పుడు చెప్తే అక్క ఏమైపోతుంది? అక్కడికి తన కోసం కాదన్నట్టు.

కెప్టెన్ అయ్యాక అతనే ఎడమ సీటులో కూర్చుని ఆ ప్రశ్న అడగాల్సి వచ్చింది. ఇంటి మాటల్లో నోరు పెగల్లేదు. పుస్తకంలో ఉన్నట్టే ఇంగ్లీషులో గబగబా అనేసేవాడు. పక్కన కూర్చున్న కుర్ర కో-పైలట్ "నథింగ్, సర్" అన్నప్పుడల్లా అతని చేతుల వంక చూసేవాడు.

బావ ఇంటికొచ్చాక ముంగి మళ్ళీ అక్క గడప తొక్కడం మొదలుపెట్టాడు. డ్యూటీ లేని ప్రతి రోజూ వెళ్ళేవాడు. బావని లేపి కూర్చోబెట్టడం, గడ్డం గీయడం, చొక్కా తొడగడం, అన్నీ చేసేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. బావకి ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమయ్యేది. తిరిగి చెప్పబోతే నోట్లో ఏదో అడ్డం పడ్డట్టు "అ... అ..." అని ఆగిపోయి, ఎడమ చేత్తో మంచం కోడు గుద్దేవాడు. తాళం పడని తలుపుతో కూడా మాట్లాడిన మనిషి! ఆయన గుద్దుతుంటే అక్క వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకునేది.

మాటలు నేర్పడానికి వారానికోసారి వచ్చే అమ్మాయి ఒక సంగతి చెప్పింది. సొంతంగా కూర్చుకుని చెప్పాల్సిన మాట రాకపోయినా, ఏళ్ళ తరబడి వల్లించినవి ఒక్కోసారి వాటంతటవే వస్తాయట. ఒకటి అంటే పది దాకా వెళ్ళిపోతారట. పరీక్షించి చూశారు. అక్క "ఒకటి" అంది. బావ పది దాకా చెప్పి, చెప్పగలిగినందుకు భోరున ఏడ్చాడు. అప్పుడు అక్క వంటింట్లోకి వెళ్ళి రెండు కుర్చీలు కిటికీకి ఎదురుగా ఈడ్చింది. మధ్యలో స్టూలు, స్టూలు మీద అట్లకాడ పెట్టింది.

"రారా, కూర్చో. అంకెలకే అన్ని వచ్చాయంటే, మీ దండకం ఎందుకు రాదు?" అంది.

ఆ దండకం ఎక్కడికి తీసుకెళ్తుందో ముంగికి తెలుసు. అందుకని మొదటి నుంచి కాకుండా, పరుగు మధ్యలోంచి అందుకున్నాడు. "ఎయిటీ" అన్నాడు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ, తడుముకోకుండా, "చెక్డ్" అన్నాడు.

అక్క కెవ్వున కేకేసింది. బావ కూడా తన నోరు తనదేనా అన్నట్టు చూశాడు. "వి వన్, రొటేట్" అని ముంగి, "పాజిటివ్ రేట్" అని మళ్ళీ ముంగి, "గేర్ అప్" అని బావ. చక్రాలు ముడుచుకుని వంటిల్లు గాల్లోకి లేచిపోయింది. ఆ రోజు బావ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

అలా చాలా రోజులు సాగింది. ప్రతిసారీ "ఎయిటీ" నుంచే. అక్క ఒకటి రెండుసార్లు, "ఏరా, టవరుని పక్కన పడేశావేంటి, నా క్లియరెన్సు లేకుండానే పరిగెత్తిస్తున్నావు?" అని అడిగింది. "బావ అలిసిపోతాడక్కా" అన్నాడు.

మొన్నామధ్య మాటలు నేర్పే అమ్మాయి, దండకం ఎంత పొడుగ్గా ఉంటే అంత మంచిది, మొదటి నుంచి అనిపించండి అని చెప్పి వెళ్ళింది. అక్క ఇక ఊరుకుంటుందా? గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడింది. "ఈ రోజు టవరు పర్మిషన్ లేకుండా చీమ కూడా కదలడానికి వీల్లేదు. మొదటి నుంచి కానివ్వండి" అంది. ఇన్నేళ్ళ తర్వాత ఆవిడ మొహంలో ఆ కొంటెతనం కనిపించింది. కాదనడానికి ముంగికి నోరు రాలేదు. ఎప్పుడొచ్చింది కనుక!

"ఫ్లాప్స్" అన్నాడు.

"సెట్."

"ట్రిమ్."

"సెట్."

"క్యాబిన్."

"రెడీ." బావ గొంతు గట్టిపడింది. వీపు నిటారైంది. పాత కెప్టెన్‌లా మొహం ఇటు తిప్పాడు. ఒక పక్కకి జారిన ఆ మూతితోనే, ఒక్క అక్షరం కూడా తడబడకుండా అడిగాడు.

"చెప్పాల్సిందేమైనా ఉందా?"

పొయ్యి దగ్గర అక్క గరిటె గాల్లోకెత్తి చప్పట్లు కొట్టబోయింది. ముంగి మొహం చూసి ఆగింది.

అలవాటుగా వచ్చిన మాటే కావచ్చు. ఆ కళ్ళు మాత్రం అలవాటుగా లేవు. జవాబు కోసం చూస్తున్నాయి.

"ఉంది బావా" అన్నాడు ముంగి.

టీ కప్పు సంగతి చెప్పాడు. సంతకం సంగతి చెప్పాడు. బెల్టు, మందమైన మాట, అన్నీ చెప్పాడు. వణకనీ అనుకున్నానని కూడా చెప్పాడు. అలిగావనుకుని కోప్పడుతూ కొంత పరుగు పోగొట్టానని చెప్పాడు. అతను పుట్టిన తర్వాత అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే. ముక్కు కారుతోంది, తుడుచుకోలేదు. బావ రెప్ప వేయకుండా విన్నాడు.

అక్క గరిటె దించింది. "ఆ రోజు పొద్దునే? చూశావా?"

"చూశానక్కా."

"మరి చెప్పలేదేంరా?"

ఆ వరండా బల్ల మీద బావ అడిగినప్పుడు కనీసం ఒక జవాబుండేది. ఇప్పుడు అదీ లేదు. 'నువ్వు కదా బావా' అని ఎలా అంటాడు? అతను తల వంచుకున్నాడు. అక్క కొడుతుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. చిన్నప్పుడైతే చెవి మెలేసేది. ఆవిడ గరిటె గట్టు మీద పెట్టింది, పొయ్యి కట్టేసింది.

"ఆగండి. అక్కడే ఆగండి ఇద్దరూ" అని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తనకి రావాల్సిన జవాబు వచ్చిందో లేదో తేల్చుకోలేనట్టు బావ మళ్ళీ అడిగాడు. "చెప్పాల్సిందేమైనా ఉందా?"

"నువ్వు నన్ను ఫెయిల్ చేసింది కరెక్టే బావా. అంతే. ఇంకేం లేదు."

బావ తల మెల్లిగా అటు తిప్పి కిటికీ వైపు చూశాడు. బతికున్న ఎడమ చెయ్యి ఒడి మీదుగా చాపి స్టూలు మీది అట్లకాడ పట్టుకున్నాడు. తోయలేదు. టవరు చెప్పకుండా ఆయన ఏనాడూ కదిలింది లేదు. ముంగి కూడా ఎదురుగా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. లోపలి గది తలుపు ఇంకా తెరుచుకోలేదు.